మంచులో మాయమైన నడికట్టు

1991 జూలై ఎనిమిదో తేదీ ఉదయం మా వృక్షశాస్త్ర సంస్థలో సహాయ పరిశోధకురాలిగా చేరిన మేడమ్ గారు, ఈ నెలాఖరున కణశాస్త్ర విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇన్నేళ్లలో పలు బాధ్యతలను సమర్థంగా నిర్వహించారు గానీ, ఎవరి మాటకూ ఊరికే తలూపిన పాపాన పోలేదు.

తొలినాళ్లలో వారు ఉల్లి వేరు కొనలను అధ్యయనానికి ఎంచుకున్నారు. మొక్క కణంలో సూక్ష్మనాళికలనే సన్నని ప్రోటీన్ గొట్టాలుంటాయి. అవి పరుచుకున్న తీరును బట్టే కణం పొడవు సాగుతుంది, లేదా లావెక్కుతుంది. కణం రెండయ్యే ముందు అవే దాని చుట్టూ నడికట్టులా చేరి, కొత్త గోడ ఎక్కడ అతకాలో గుర్తుపెట్టి తప్పుకుంటాయి. గాటు పడిన వేరులో ఈ నడికట్టు దిశ మార్చుకుంటుందని నిరూపించినదే వారి తొలి పరిశోధన పత్రం.

నాటి విభాగాధిపతి ఆ ప్రయోగాన్ని స్వయంగా చేసి చూశారు. నడికట్టు జాడ లేదు. వెంటనే కబురు పెట్టారు.

"ఏదమ్మా నీ నడికట్టు? కలలో గానీ కనిపించిందా? పత్రం వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టు. లేదంటే నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం నా బల్ల దాటదు."

"పెట్టనండీ."

"ఏం చూసుకుని ఆ ధీమా?"

"వేరు కొనల్ని చూసుకునే సార్. మీరు వాటిని ముందు మంచులో పెట్టారు. చలికి సూక్ష్మనాళికలు విడిపోతాయి. మనమే విడగొట్టి, లేవంటే ఎలాగండీ?"

"ఇక్కడ ఏ నమూనా అయినా మొదట మంచులోకే వెళ్తుంది. నేను చేరినప్పటి నుంచీ అంతే!"

"అందుకేనేమో సార్, ఇన్నాళ్లూ ఎవరికీ కనబడలేదు."

ఇంటిల్లిపాదికీ వారి జీతమే ఆధారం. తండ్రిగారు నచ్చజెప్పబోయారు. "పెద్దాయనతో పంతమెందుకమ్మా? ఓ సంతకం పారేస్తే పోయేదేముంది?"

"కళ్లారా చూసింది లేదని ఎలా రాయను నాన్నా?"

వారం తిరక్కముందే ఒకే గడ్డ వేర్లను రెండు పాళ్లు చేసి, ఒకటి మంచులో ఉంచి, మరొకటి గది వెచ్చదనంలోనే, కణాలను ఉన్నవున్నట్టు నిలిపే ద్రావణంలో వేసి, విభాగమంతటినీ సూక్ష్మదర్శిని దగ్గరకు పిలిచారు. మంచు తిన్న కణాల్లో మసక తప్ప ఏమీ లేదు. రెండో దాంట్లో నడికట్టు ధగధగలాడింది. పెద్దాయన చాలాసేపు కన్ను తీయలేదు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"పత్రంలో రాశానండీ. మీరు చదవలేదు."

అందరూ బిగబట్టుకున్న నవ్వు, ముందుగా ఆయనకే ఆగలేదు. పత్రం నిలిచింది, ఉద్యోగమూ నిలిచింది. "వెచ్చనమ్మ" అన్న పేరు కూడా మేడమ్ గారికి ఆయన పెట్టినదే.

తరువాత వారి చేతికింద తయారైన పరిశోధకులందరూ మొదట నేర్చుకున్నది గురువును ఎదురు ప్రశ్నించడం. అడగనివారికి చీవాట్లు తప్పేవి కావు.

మేడమ్ గారు కుటుంబంతో కలసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు జీవించాలి. చూసినదాన్ని చూశానని చెప్పడానికి ఎవరి అనుమతీ అడగని ఆ గొంతు మా చెవుల్లో మోగుతూనే ఉండాలి. నోరు మూసుకోమనేవారి చెవుల్లో మరికాస్త గట్టిగా.