తీయడం వేరు, లాగడం వేరు

ఛీ! ఆ మాట ఇంకోసారి అనకక్కా, ఒళ్ళు మండుతోంది నాకు. "నువ్వే కదే తీసేశానన్నావు, అందుకే ఆయన లాగాడు" అంట! బావ నేర్పి పంపాడా, నీకే తోచిందా?

లేస్తావేం, కూర్చో. అడగడానికి వచ్చినదానివి, వినే వెళ్ళు.

మా సెంటర్లో రోగులకి తీసే స్కాన్‌లన్నీ ఎక్కడుంటాయి? పైన చల్లగదిలో, బీరువాలంతేసి కంప్యూటర్ పెట్టెల్లో, వరసగా గుచ్చిన డిస్కుల్లో. ఒక్కో స్కానూ రెండు డిస్కుల్లో దాస్తాం, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని. మూడు చోట్ల దాద్దామంటే, వద్దు, చోటు దండగ అన్నది కూడా మీ ఆయనే. సరే, అది వదిలెయ్.

పెట్టెలు ఆపకుండా డిస్కు మార్చాలంటే మా గదిలో రెండు మాటలున్నాయి. తీయడం, లాగడం. తీయడమంటే చేత్తో కాదు. నా సీట్లో కూర్చుని, దీన్ని ఇక లెక్కలోకి తీసుకోకండి అని మిగతావాటికి చెప్పడం. అప్పుడు అందులో ఉన్నదంతా మెల్లిగా పక్క డిస్కుల్లోకి సర్దుకుంటుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామానంతా వెళ్ళేదాకా తాళం చేతికివ్వం చూడు, అలాగ. పూర్తిగా ఖాళీ అయ్యాక గదిలోకెళ్ళి చేత్తో బయటికి పీకుతాం. అదీ లాగడమంటే.

ఈ రెండు మాటలూ మాకు నేర్పిందెవరనుకున్నావ్? నీ మొగుడే! నేను చేరిన కొత్తల్లో పక్కన నిలబెట్టుకుని మరీ నేర్పాడు. "ముందు తీయాలి మరదలా, తర్వాతే లాగాలి. తీయకుండా లాగావో, కొంప మునిగిందే" అని నవ్వేవాడు. అప్పట్లో బావంటే ఎంత గౌరవమో నాకు.

సోమవారం ఒక డిస్కు చచ్చింది. అవే స్కాన్‌లున్న రెండోది కూడా ముసలిదే, గరగరమంటోంది. హడావుడిగా దాన్ని తీశాను. ఇంకా ఖాళీ అవుతోంది. సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు బావ, ఓనర్ని వెంటేసుకుని. పెద్ద పోస్టు వచ్చాక ఆ గది మొహం చూస్తేగా! తలుపు దగ్గర్నుంచే "ఆ పాతది తీసేశావా?" అన్నాడు. "తీసేశాను బావగారూ, అప్పుడే లాగొద్దు" అన్నాను. రెండో ముక్క వినే ఓపికేదీ? అప్పటికే ఓనరు దగ్గర కోతలు మొదలెట్టాడు. "చూడండి సార్, నడుస్తుండగానే ఎలా మారుస్తామో" అని టక్కున లాగేశాడు.

అక్కడితో ఆగినా బతికిపోయేవాళ్ళం. మళ్ళీ గుచ్చేస్తే సరిపోయేది! కానీ రోగుల బొమ్మలు బయటివాళ్ళ చేతుల్లో పడకూడదని, లాగిన పాత డిస్కులకి డ్రిల్లింగ్ మిషన్‌తో చిల్లులు పెడతాం. ఏ పనీ వేళకి చెయ్యని మనిషి, ఆ ఒక్క పనీ నేను సీట్లోంచి లేచి పరిగెత్తేలోపు చేసి చూపించాడు. ఓనరు చప్పట్లు కూడా కొట్టాడు. థూ!

నిన్న కింద కౌంటర్ దగ్గర ఒకావిడ, చంకలో పాప. పాప తలలో గడ్డ ఉందట. "పాత స్కాను పక్కన పెట్టి చూస్తేనే పెరిగిందో తగ్గిందో తెలుస్తుందమ్మా, తీసుకురమ్మన్నారు డాక్టరుగారు" అంటోంది. ఆ స్కాను చిల్లులు పడ్డ డిస్కులోదే, ఏం చెప్పను? సిస్టం పని చెయ్యట్లేదు, రేపు రండి అన్నాను. నోరారా అబద్ధం చెప్పి పంపాను. ఆ పక్కనుంచే మీ ఆయన ఫోన్లో నవ్వుకుంటూ వెళ్ళాడు!

తప్పెవరిదో తేల్చమన్నాడు ఓనరు. దానికి మీ ఆయన చెప్పిందేంటి? తీయడమన్నా లాగడమన్నా ఒకటేగా సార్, మరదలు తీసేశానంది, నేను లాగాను. ఒకటేనట! ఎలా వచ్చిందక్కా ఆ మాట ఆయన నోటికి? కోపం కూడా కాదు, రోత పుడుతోంది నాకు.

తను రాలేదు, నిన్ను పంపాడు. నేనే లాగమన్నానని ఒప్పుకోవాలి, అంతేనా? ఒంటిదాన్ని, ఎక్కడైనా బతికేస్తాను. ఆయనకైతే పెళ్ళాం పిల్లలున్నారు. అవును, ఆ ఉద్యోగం పెట్టించింది ఆయనే, కాదనను. ఎన్నిసార్లు దెప్పుతావు?

ఏడవకు. నువ్వేడిస్తే నాకింకా చిరాకు. కళ్ళు తుడుచుకుని విను.

పొద్దున్నే ఓనరు గదికి వెళ్ళొచ్చాను. నేనే లాగమన్నానని చెప్పేశాను. అలా చూస్తావేం? నిజంగానే. రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు.

నీ మొహం గుర్తొచ్చింది, అంతే. మా అక్క చచ్చినా ఈ మాట నన్ను అడగదు, నోరు రాదు దానికి, లోపల్లోపలే కుమిలిపోతుంది, దానికి ఆ అవస్థ ఎందుకు అనుకున్నాను.

నువ్వేమో బస్సు దిగి వచ్చీ రాగానే, మంచినీళ్ళయినా తాగకుండా, అడిగేశావు.

సర్లే. చీకటి పడకముందే బయల్దేరు. పనైపోయిందని బావకి చెప్పు.