సగం పోసిన గిన్నె

1956. కజక్ మైదానంలో, అణుబాంబులు పేల్చి చూసే చోటికి దగ్గరి పల్లె. ఉర్కియా అవ్వ ఇంట్లో, నమూనాలు పట్టుకెళ్లడానికి వచ్చిన డాక్టర్ గెన్నాదీ.

“రక్తం తర్వాత తీద్దువుగానీ, ముందు టీ తాగు డాక్టరూ.”

“వద్దవ్వా. ఇంకా నాలుగిళ్లు తిరగాలి.”

“నువ్వు తప్ప మా గిన్నె ముట్టకుండా వెళ్లిన మనిషిని నేనింతవరకూ చూళ్లేదు.”

“మర్యాద అంటూ సగమే పోశావేం మరి?”

“మూడేళ్లుగా వస్తున్నావు, తెలీదూ? ఇంకాసేపు కూర్చోవాలని మేం కోరేవాళ్లకి సగమే పోస్తాం, మళ్లీ మళ్లీ పోయొచ్చని. నిండా పోశామంటే ఇక లేచి వెళ్లమని.”

“బావుంది. ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు.”

“ఇవ్వను. గడ్డి పట్టుకెళ్లావు, గొర్రె ఎముకలు పట్టుకెళ్లావు, సీసాల్లో పాలు పట్టుకెళ్లావు. ఏం తేలిందో ఒక్కసారన్నా చెప్పావా?”

“చెప్పకూడదవ్వా. దేశం కోసం చేసే పరిశోధన అది. బాంబు పేలాక ఆ దుమ్ము ఎంత దూరం పడుతుందో, ఎన్నాళ్లుంటుందో...”

“ఎక్కడ పడుతుంది? మా గడ్డి మీదేగా! ఆ గడ్డి మా ఆవు తింటుంది. ఆ పాలు మా కోడలు తాగుతుంది. షోల్పన్‌కి ఏడో నెల. మొదటి బిడ్డ మూడోరోజే పోయింది. తాగొచ్చా, తాగకూడదా? అదొక్కటీ చెప్పు.”

“తాగొచ్చు. నిరుడూ చెప్పాగా, పాలు మంచివే.”

“అయితే నువ్వూ తాగు. ఆ టీ నిండా పాలే.”

“నాకు... పాలు పడవు.”

“నిరుడు నా గుమ్మంలోనే డబ్బా పాలు కలుపుకుని తాగావుగా!”

“అవ్వా, నన్ను ఇబ్బంది పెట్టకు.”

“ఒక్క గుక్క.”

“వద్దన్నానా!”

“గొంతు లేపకు. ఇది నా ఇల్లు.”

“పైవాళ్లకి తెలిస్తే నిన్ను...”

“ఏం చేస్తారు? బాంబేస్తారా? అదీ అయిందిగా! తాగు.”

“తాగను! నాకూ పిల్లలున్నారవ్వా.”

“షోల్పన్! విన్నావుటే? మన ఆవు పాలు తీసుకెళ్లి పారబొయ్యి. నువ్వు బెదిరిపోకు డాక్టరూ, ఇంటికొచ్చిన మనిషికి విషం పోసే కొంప కాదిది. ఆ గిన్నెలోవి కొండల అవతల, ఆ దుమ్ము పడని మా అక్క ఊరి పాలు, పొద్దున్నే లారీలో తెప్పించా. మూడేళ్లు మా మీద నువ్వు పరీక్షలు చేశావు, నేనొక్కటి చేశా. తేలింది. అమ్మాయ్, డాక్టరుగారి గిన్నె నిండా పొయ్యి!”