ఎర్రగుట్ట ఎక్కిన సైకిల్

జహీరాబాద్ పోలీస్ స్టేషన్. తేదీ 29-3-1986, శనివారం, మధ్యాహ్నం 12.15 గంటలు.

నా పేరు భాగీరథి. భర్త రామ్‌కిషన్, బొంబాయి రోడ్డు మీద లారీ డ్రైవర్. నా వయసు 43 ఏళ్లు. బస్టాండు ఎదురుగా సైకిల్ దుకాణం నడుపుతాను. పని మా నాయన దగ్గర నేర్చుకున్నాను. మీ స్టేషన్ సైకిల్‌కు బ్రేకులు పట్టడం లేదని ఇందాక వస్తూ చూశాను, పంపితే సరిచేస్తాను.

పోస్ట్‌మన్ విరూపాక్షను సైకిల్ దొంగ అని తెచ్చి ముందు బెంచీ మీద కూర్చోబెట్టారని విని, చేతిలో పని వదిలేసి వచ్చాను. ఆయన దొంగ కాదు. తప్పు నాది. వరుసగా చెబుతాను.

విరూపాక్షకు యాభై నాలుగేళ్లు. ఇరవై ఏళ్లుగా ఎర్రగుట్ట మీది ఊరికి ఉత్తరాలు ఆయనే మోస్తున్నాడు. ఈ మధ్య మోకాళ్లు పట్టేసి సగం గుట్ట సైకిల్ తోసుకుంటూ పోతున్నాడు. గురువారం పన్నెండు లోపు సంచి పైకి చేరాలి, లేకపోతే గుట్టను వేరేవాళ్లకు ఇచ్చి నిన్ను ఆఫీసులో కూర్చోబెడతామని పై అధికారి చెప్పాడు. మంగళవారం పొద్దున ఏడింటికి విరూపాక్ష నా దుకాణానికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"గుట్ట మీదోళ్లంత నా కోసం ఎదురుచూస్తరమ్మా. ఆఫీసుల ముద్రలు గుద్దుకుంట కూసుంటే నా పానం పోతది."

"ఫికర్ చెయ్యకు అన్నా. గుట్ట ఎక్కే సైకిల్ చేసి ఇస్త" అన్నాను.

ఆయన సైకిల్‌కు పెడల్ దగ్గర చైన్ తిప్పే నలభై నాలుగు పళ్ల చక్రం తీసి, పిల్లల సైకిల్‌ది ముప్పై రెండు పళ్లది వేశాను. చదునులో కాళ్లు వట్టిగా తిరుగుతాయి గానీ ఎత్తు మీద తేలిగ్గా లాగుతుంది. పైన చైన్ కవర్ బిగించాను, లోపలిది ఎవరికీ కనబడదు. అదే రోజు అల్లం వ్యాపారి చెన్నబసప్ప కూడా తన సైకిల్‌ను ఓవరాయిలింగ్‌కు ఇచ్చాడు. రెండూ నల్లవే, ఒకే కంపెనీవి, రెండింటికీ చైన్ కవర్లే.

మా దుకాణంలో సైకిళ్లకు చీటీలు కట్టం. సీటు విప్పి, ఆ సైకిల్ పక్కన గోడ మేకుకు తగిలిస్తాం. సీటు చూస్తే మనిషి తెలుస్తాడు. విరూపాక్ష సీటు ఎడమకు కుంగింది. చెన్నబసప్ప సీటుకు నడుమ గుంత, ఆయన బరువు మీకు తెలుసు. వాళ్లు కూడా సీటు చూసే తమ బండి తీసుకుంటారు. మా నాయన కాలం నుంచి ఒక్కసారీ తప్పు పోలేదు.

బుధవారం హోలీ. మా ఆడబిడ్డ సీతాబాయి పంక్చర్ తొట్టిలో రంగు కోసం మోదుగు పూలు నానబెట్టింది. పది గంటలకు బజారంతా దుకాణం మీద పడింది. తోలు సీట్లు తడవొద్దని రెండూ తీసి లోపల గూట్లో పెట్టాను. తర్వాత నేనూ తొట్టి దగ్గరికే పోయాను. నవ్వీ నవ్వీ డొక్కలు నొచ్చాయి. గోడలు, సైకిళ్లు, నేను, అంతా ఒకటే రంగు. సాయంత్రం నాలుగింటికి సీట్లు మళ్లీ మేకులకు తగిలించాను. అక్కడే తారుమారైంది. అట్లాగే బిగించేశాను.

గురువారం ఏడున్నరకు ఇద్దరూ వచ్చి ఎవరి సీటు వాళ్లు చూసుకుని ఎక్కారు. రంగు కడుగుతానంటే ఇద్దరూ వద్దన్నారు.

"ఎప్పటి లెక్కనే ఉన్నది గదమ్మా" అన్నాడు విరూపాక్ష.

"చదునుల తెల్వది అన్నా. గుట్ట మీదనే తెలుస్తది" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆయన పోస్టాఫీసులో సంచి తీసుకుని బయల్దేరాక, ఉండబట్టలేక కిరాయి సైకిల్ ఒకటి తీసుకుని వెంట పోయాను. 11.10కి గుట్ట మొదలైంది. రెండో మలుపులో నేను దిగి తోశాను. ఆయన దిగలేదు. మూడో మలుపులో దిగుతాడనుకున్నాను. దిగలేదు. మోదుగు చెట్ల మధ్య ఆ ఖాకీ చొక్కా ఊగుతూ పోతోంది, దిగలేదు. పైనుంచి ఊరంతా అరుస్తోంది. 11.40కి చేరాడు. ముందే వచ్చి పైన కాచుకున్న అధికారి గడియారం చూసుకుని చెయ్యి కలిపాడు. ఆడవాళ్లు మిగిలిన రంగు నీళ్లు విరూపాక్ష నెత్తిన పోశారు, సగం అధికారి మీద పడ్డాయి, ఆయనా నవ్వాడు. గుట్ట ఇక నీదే అన్నాడు.

"భాగీరథమ్మా, నీ చక్రం బంగారం! మోకాళ్లు ఉన్నట్టే తెల్వలే!" అని విరూపాక్ష గెంతాడు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

శుక్రవారం చెన్నబసప్ప వచ్చి, "మిషన్ కుట్టినట్టు కాళ్లు తిరుగుతున్నయి అక్కా, బండి మాత్రం కదుల్తలేదు" అన్నాడు. కొత్త గ్రీజు, రెండు రోజుల్లో సర్దుకుంటుందని పంపేశాను. అప్పుడే కవర్ విప్పి ఉంటే మీకు ఈ శ్రమ లేదు. ఆయన ఇంటికి పోయి రంగు కడిగితే మడ్‌గార్డు మీద తన పాత సొట్ట లేదు, సైకిల్ కొన్నప్పటి రసీదులో నంబరు కలవలేదు. ఈ రోజు పొద్దున పోస్టాఫీసు ముందు ఆ సొట్టా ఆ నంబరూ విరూపాక్ష సైకిల్ మీద కనబడ్డాయి. ఫిర్యాదు ఇచ్చాడు. చెన్నబసప్ప తప్పు కూడా ఏమీ లేదు.

ఇందాక మీ ఎదుటే వెనక పెరట్లో రెండు చైన్ కవర్లూ విప్పాను. చెన్నబసప్ప తొక్కినదానికి ముప్పై రెండు పళ్లు. విరూపాక్ష తొక్కినదానికి నలభై నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. నలభై నాలుగే. గుట్ట ఎక్కించింది నా చక్రం కాదు.

ముందు చెన్నబసప్పే నవ్వాడు. "నా బండి మీద ఎక్కిండా! దాని మీద నేను రైల్వే గేటు కాడి ఎత్తు గూడ ఎక్కలేను" అని ఫిర్యాదు వాపసు రాసిచ్చాడు. రసీదు నంబరు తప్పు చదివానని విరూపాక్షతో చెప్పడానికి కూడా ఒప్పుకున్నాడు.

సార్, ఒక్క మనవి. ఈ కాగితం విరూపాక్షకు చదివి వినిపించకండి. ఈ సంగతి తెలిస్తే ఆయన మోకాళ్లు మళ్లీ పట్టేస్తాయి. సీట్లు మార్చి ఎవరి బండి వాళ్లకు నేనే ఇచ్చేస్తాను. సోమవారం గుట్ట మీద బండి ఇంకా తేలిగ్గా పోతుంది. ఎందుకమ్మా అని అడిగితే, గ్రీజు మార్చానని చెబుతాను.

పైన రాసిందంతా నేను చెప్పిందే. నాకు చదివి వినిపించారు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. నేను ఆడబోయే అబద్ధం ఒకటుంది, అది సోమవారం నాటిది.

(సంతకం) భాగీరథి