ఆగని మిషను

అలా వీపు తిప్పుకుంటే ఎలా వదినా? సరే, మాట్లాడకు. నువ్వు గిన్నెలు తోముకో, నేనీ గుమ్మంలోనే కూర్చుంటాను. అన్నయ్య వచ్చేలోపు చెప్పేసి పోతాను. వాడి ముందు నా వల్ల కాదు.

అయినా అందరూ నన్నే అంటారేంటి? కుట్టుహాల్లో అంతమందిమి ఉన్నాం. చివరిదాకా నీతో నిలబడింది ఎవరు, ఒక్కరి పేరు చెప్పు? మరి గేటు దగ్గర నన్నొక్కదాన్నే మొహాన ఉమ్మేసేట్టు చూస్తారేం?

అబ్బే, గొడవకి రాలేదులే. నా నోరే అంత, నీకు తెలుసుగా.

ఐదు గంటలు ఏకధాటిగా పని చేయిస్తే అరగంట విశ్రాంతి ఇచ్చి తీరాలని చట్టంలోనే ఉందట కదా. ఆ ముక్క మాకు పట్టుకొచ్చింది నువ్వే. మూత్రంలో మంట పుట్టి, జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడ్డావే, అప్పుడు. నీళ్లు బాగా తాగమ్మా అందట డాక్టరమ్మ. తాగితే లేవాలి, లేస్తే సూపర్‌వైజర్ అరుస్తాడు, అందుకే షిఫ్టులో చుక్క నీళ్లు ముట్టం అని నువ్వు చెప్తే నోరు వెళ్లబెట్టిందట. అదేంటి, అడగండి, అది మీ హక్కు అందట.

సూపర్‌వైజర్ని అడిగావు. వాడు నవ్వేసి ఊరుకున్నాడు.

అప్పుడే కదా అనుకున్నాం, ఇక నోటితో అడగొద్దు, షిఫ్టు మొదలై ఐదు గంటలు కాగానే అందరం ఒక్కసారే మిషన్లు ఆపేద్దామని. లేవక్కర్లేదు, అరవక్కర్లేదు. హాలంతా చప్పుడాగిపోతే వాడే దిగొస్తాడు. ఎవరు మొదలుపెట్టారో కూడా తెలియదు వాడికి. అబ్బ, ఎంత మంచి ఉపాయం అన్నాను నేను. అందరికన్నా ఎక్కువ గంతులేసింది నేనే.

ఇవాళ నిజంగానే ఆపారు వదినా. వరసలన్నీ ఠక్కున ఆగిపోయాయి. ఆ హాల్లో ఫ్యాన్లకి కూడా చప్పుడుంటుందని ఇవాళే తెలిసింది నాకు.

నా మిషనొక్కటే ఆగలేదు.

కుట్టలేదు, ఒట్టు! సూది కింద గుడ్డ లేదు. తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఉత్తి మిషను తొక్కుతూ కూర్చున్నాను. పని ఆపేశాను కాబట్టి మీకిచ్చిన మాటా తప్పలేదు, మిషను తిరుగుతోంది కాబట్టి వాడికీ కోపం రాదు అనుకున్నాను. చూశావా నా తెలివి! దారమంతా చుట్టుకుపోయి ముడిపడింది.

నేను కూర్చునేది మొదటి వరసలో. వెనకవాళ్లకి కనిపించేది నా వీపే. గుడ్డ ఉందో లేదో వాళ్లకేం తెలుసు? చప్పుడు వినపడింది. అమ్మో, ముందువాళ్లు మొదలెట్టేశారు అనుకున్నారు. ఒకావిడ స్విచ్ వేసింది, ఆవిణ్ణి చూసి పక్కావిడ వేసింది. చూస్తుండగానే హాలంతా హోరెత్తిపోయింది.

నువ్వొక్కదానివే చేతులు కట్టుకుని మిగిలావు. వాడు సరాసరి నీ దగ్గరికే వచ్చాడు. అందరికీ లేని విశ్రాంతి నీకే కావాల్సొచ్చిందా, ఇంట్లోనే తీసుకో పో, రేపట్నుంచి రావద్దు అన్నాడు.

నువ్వు నా పక్కనుంచే వెళ్లావు. తిడతావనుకున్నాను. తిట్టినా బాగుండేది.

భయమేసింది వదినా అని చెప్దామని బయల్దేరాను. దారంతా అదే వల్లెవేసుకున్నాను. వాడు నా వెనకే నిలబడి ఉన్నాడు, నేనేం చేయను, అని. అబద్ధం. వాడు ఆ చివరెక్కడో ఎవరితోనో మాట్లాడుకుంటున్నాడు. నా వెనక ఎవరూ లేరు. కాలు తీస్తే సరిపోయేది. తీయలేదు. నీ వీపు చూసి మాట్లాడుతున్నా సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇంకోటి కూడా ఉంది. ఎవరి నోటో వినేకంటే నా నోటే విను.

నువ్వు వెళ్లాక వాడు నా దగ్గరికొచ్చాడు. ఎంత మెత్తగా మాట్లాడాడో!

"నీ మిషనొక్కటే ఆగలేదమ్మా, విన్నాను," అన్నాడు. "పో, ఓ అరగంట అలా కూర్చుని రా."

వద్దనొచ్చు కదా? అనలేదు. వెళ్లాను. మెట్ల కింద గోడకి ఆనుకుని కాళ్లు బారచాపుకుని కూర్చున్నాను. నువ్వడిగిన అరగంటే అది. ఏడుపొస్తుందేమో అనుకున్నాను.

రాలేదు వదినా. హాయిగా నిద్ర పట్టేసింది.