గాజుకు కుట్లుండవు

హలో… ఆ, నేనే. చెప్పక్కా.

…ఏం అభినందనలే. తమ్ముడు పైకొచ్చాడని అప్పుడే మురిసిపోకు.

లేదు, గొంతుకేం కాలేదు. ల్యాబులో ఉన్నాను… ఒంటరిగానే. అంటే, నేనూ ఒక గాజుముక్కా.

అవును, మా ప్రొఫెసర్ సార్ మెచ్చుకున్న మాట నిజమే. “ఇన్నేళ్ళకు నీ బుర్రలోంచి ఒక ఆలోచన ఊడిపడింది” అన్నారు… తిట్టు కాదు. ఆయన భాషలో అదే మెప్పు.

బావతో మాత్రం ఇప్పుడే… చెప్పేశావా? ఆయన వీధి వీధంతా చెప్పేశాడా? …హతవిధీ.

సరే, విను. ఆ గాజుకి ఒకవైపే కరెంటు పారే పూత ఉంటుంది… అద్దం వెనక ఉంటుందే, అలాగే. కాకపోతే ఇది కంటికి కనబడదు. ద్రావణంలో ముంచితే అణువులు తమంతట తామే వచ్చి ఆ పూత మీద బారులు తీరి నిలబడతాయి. ఒకే ఒక్క వరస… అదిలించేవాడు అక్కర్లేదు. నాకంటే బుద్ధిమంతులు.

వాటిగుండా కరెంటు పోతుందా అని చూడడం నా పని… పోలేదు. వారమంతా సున్నా. నేను గాజును అనుమానించలేదు. నన్ను అసలే అనుమానించలేదు. కూర్చుని సిద్ధాంతం రాశాను — అణువులు కరెంటును ఎందుకు తిరస్కరిస్తాయని. సార్‌కి నచ్చింది అదే. కాసేపట్లో సభలో చదువుతారు. ఆ కాగితాల కోసమే వస్తున్నారు.

…ఉహూఁ. పొద్దున గాజు మీద, కరెంటు పారితే కూసే మీటరు పెట్టి చూశాను. పైవైపు చడీచప్పుడూ లేదు. తిరగేశాను… కుయ్యిమంది.

…నవ్వు. నవ్వెయ్.

అవును, తిరగేసి పెట్టాను. వారంగా పరీక్షించింది వట్టి గాజునే. శూన్యం గురించి అన్నన్ని పుస్తకాలు చదివానా… తీరా శూన్యం ఎదురుపడితే, దానికి కారణాలు వెతికాను.

…గుర్తుంది. చొక్కా తిరగేసి తొడుక్కుని బడికి బయల్దేరింది నేనే. కుట్లు కనిపించాయి గనక సందు మలుపులోనే పట్టుకున్నావు. గాజుకు కుట్లుండవక్కా!

…ఇంకో ముక్క సరిగ్గా పెట్టాను. పారింది, చక్కగా… సంతోషమే. అణువులు నెగ్గాయి.

ఎవరికీ తెలీదు. అదేగా చిక్కు. నోరు మూసుకుంటే మెప్పు నాది. ఇంకెప్పుడు మెచ్చుకుంటారో ఆయన… నిజం చెప్పాలని తహతహలాడిపోతున్నానని అబద్ధమాడను. ఈ మెప్పును ఇంకో గంట దాచుకోవాలని ఉంది.

అక్కవి, నాలుగు తిట్టొచ్చుగా…

ఏంటీ? …అంతదూరానికా? ఫోన్లోంచే కనిపిస్తున్నాయా నా కుట్లు?

ఉండు, తలుపు చప్పుడైంది. పెట్టెయ్… వద్దు, పెట్టెయ్యకు.

రండి సార్. కాగితాలా… ఇవిగో, ఇక్కడే ఉన్నాయి. కాదు సార్, ఇవ్వను. ఒక్క నిమిషం కూర్చోండి. మీకు నచ్చిన సిద్ధాంతం ఉందే… దాన్ని తిరగేశాను సార్.

…అక్కా, నవ్వకు, ఆయనకు వినిపిస్తోంది. పెట్టేస్తున్నా—