మేనమామ ఎక్కి చూసిన ఆటలు

ఎల్లాజీ అని ఒకడున్నాడు, చేపల రేవులో వేలం పాడతాడు. వాడి గొంతు సంగతి ముందు చెప్పాలి, లేకపోతే కథే లేదు. పొద్దున్నే పడవలు ఒడ్డుకి రాగానే తట్టల ముందు నిలబడి "వంజరం! వంజరం!" అని ఒక్క అరుపు అరిచినాడంటే, ఎక్కడో రోడ్డు మీద టీ తాగుతున్న బేరగాళ్ళు గ్లాసులు దించీసి లగెత్తుకొచ్చేవోరంట. మైకు అక్కర్లేదు వాడికి. దేవుడు పదిమందికి పంచాల్సిన గొంతు వాడొక్కడికే ఇచ్చీసినాడు అనుకోండి. మనిషి మాత్రం మెత్తన. ఓలే, నవ్వకు, నిజంగానే మెత్తన. అలాటోడికి ఒక్కత్తే అక్క, దేవుడమ్మ. పట్నంలో ఇచ్చారు. ఆ అక్కకి పెళ్ళైన చాన్నాళ్ళకి ఒక్కత్తే ఆడగుంట. ధన్విక అని పేరు పెట్టారంట, పెట్టినోళ్ళకి తప్ప ఇంకెవరికీ నోరు తిరగదు, మనం బుజ్జమ్మ అనుకుందాం.

ఏమైందంటే, ఏడాది నిండకముందే బుజ్జమ్మకి చెవులు కుట్టించాలని కంసాలిని పిలిచారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కదా కుట్టాలి, ఎల్లాజీ బంగారపు పోగులు చేయించుకుని, కొత్త చొక్కా తొడుక్కుని పీట మీద కూర్చున్నాడు. కూర్చుని "రాయే నా తల్లీ!" అన్నాడంట. ముద్దుగానే అన్నాడు పాపం. కానీ ఆ గొంతుకి ముద్దని తెలుస్తాదేటి? గుంట ఉలిక్కిపడి కెవ్వుమన్నాది. గుక్క తిప్పుకోకుండా ఏడ్చి, సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. కంసాలి సంచీ సర్దుకుని ఎలిపోనాడు. ఆ రోజు మొదలు, ఎల్లాజీ గుమ్మం ఎక్కినాడంటే చాలు, బుజ్జమ్మ వాళ్ళమ్మ చీరలో దూరిపోయేది. "కొంచెం నెమ్మదిగా మాట్లాడరా తమ్ముడూ" అని అక్క బతిమాలితే, "నెమ్మదిగానే మాట్లాడతన్నానే అక్కా!" అనీవాడు. పక్కింటాయన బయటికొచ్చి నన్నేనా పిలిచారు అని అడిగీవాడంట.

గుంటకి మూడో ఏడు వొచ్చింది. చెవులు బోసిగానే ఉన్నాయి. దేవుడమ్మ అత్తగారు అప్పయ్యమ్మ, ఆవిడ మాటంటే మాటే, బుధవారం నాడు ముహూర్తం పెట్టించి ఎల్లాజీకి కబురు పంపింది. ఏమని? ఈసారి కూడా గుంట నీ ఒళ్ళో కూర్చోకపోతే మా పెద్దకోడలి తమ్ముడున్నాడు, బుజ్జమ్మకి వాడూ వరసకి మావే, వాడి ఒళ్ళో కూర్చోబెట్టీస్తాను, నువ్వు మాత్రం ఏమీ అనుకోకు అని. ఆ పెద్దకోడలి తమ్ముడు ఎవడంటే, చీరల కొట్లో పనిచేస్తాడు. రోజంతా ఆడవాళ్ళతో "ఇది చూడండమ్మా, అది చూడండమ్మా" అని అనీ అనీ వాడి మాట వెన్నపూసలా ఉంటాది. ఎల్లాజీకి ఆ కబురు విన్నాక అన్నం దిగలేదంట. సొంత మేనమామ బతికుండగా ఇంకోడి ఒళ్ళోనా? రేవులో మొహం ఎలా చూపించాలి? రేవు సంగతి దేవుడెరుగు, ఆ గుంటంటే వాడికి ప్రాణం. అదీ అసలు బాధ.

ఆదివారం నాడు అక్కింటికి ఎల్లి, అక్కా, గుంటని ఒక్క రోజు నాకియ్యి, ఆటల పార్కుకి తీసుకెల్లి మచ్చిక చేసుకుంటాను అన్నాడు. సరే గానీ నేనూ వస్తాను అని దేవుడమ్మ, మీరిద్దరూ ఎల్తే నేనెందుకు ఉంటాను అని అప్పయ్యమ్మ, అందరూ ఆటో ఎక్కినారు. ఆ పార్కు ఊరవతల హైవే పక్కన ఉందంట. గేటు దాటగానే ఆకాశమంత చక్రాలు, ఊగే పడవలు, గిర్రున తిరిగే కుర్చీలు. అప్పయ్యమ్మ అక్కడే ఆగి, "ఒరే ఎల్లాజీ, ముందే చెప్తన్నాను. ఏది పడితే అది ఎక్కించి గుంటని బెదరగొట్టినావో, మళ్ళీ జ్వరం తెప్పించినావో, బుధవారం నువ్వు మా గుమ్మం ఎక్కక్కర్లేదు" అన్నాది. గేటు దగ్గర టిక్కెట్లు చింపే అబ్బాయి మంచోడు, బుజ్జమ్మని చూసి "చిన్నపిల్లల ఆటలు వెనకాల చివర ఉన్నాయండీ, ఇలా తిన్నగా ఎల్లిపోండి" అని చెయ్యి కూడా చూపించినాడు. ఎల్లాజీ వింటాడా? "వెనకాలవి ఎవడిక్కావాలి? మంచి సరుకు ఎవడైనా ముందు పెడతాడా, వెనకాల పెడతాడా? నలిగిపోయిన కవ్వళ్ళ చేపల్ని కదా తట్టలో అడుగున పెడతాం! నా మేనకోడలికి ముందువే కావాలి" అన్నాడు. చూసినారా, రేవు తెలివి. వాడికి ప్రపంచమంతా చేపల తట్టే.

అయితే అప్పయ్యమ్మ మాట కూడా చెవిలో ఉందాయె. అందుకని ఒక ఉపాయం చేసినాడు. "అత్తా, గుంటకి ముద్ద పెట్టేముందు మనం నోట్లో వేసుకుని వేడి చూస్తామా లేదా? ఆట కూడా అంతే. ముందు నేనెక్కి చూస్తాను. నాకు బాగుంటేనే గుంటకి" అన్నాడు. బాగానే ఉంది కదా మాట? అప్పయ్యమ్మకే నచ్చినాది. మొట్టమొదట పెద్ద చక్రం దగ్గరికి పోనాడు. అక్కడి మనిషి బుజ్జమ్మని చూసి, ఇంతెత్తు లేని పిల్లల్ని ఎక్కనివ్వం అని గోడ మీద గీత చూపిస్తే, "ఎక్కడం కాదు బాబూ, రుచి చూడ్డానికొచ్చాను" అని తానొక్కడే ఎక్కి కూర్చున్నాడు. చక్రం లేచింది. లేచి, సరిగ్గా వీడు కూర్చున్న పెట్టె అన్నిటికన్నా పైకి ఎల్లేసరికి, కింద ఎవరినో దించడానికి ఆపినారు. అది వాడికేం తెలుసు? చెడిపోయి ఆగిపోనాదనుకున్నాడు. "ఓలమ్మో! అక్కా! ఆగిపోనాదే! దించమనే!" అని వేలం గొంతుతో ఒక్క కేక వేసినాడు. పార్కంతా తలెత్తి చూసింది. ఐస్‌క్రీమ్ అమ్మేవాడు ఐస్‌క్రీమ్ జారవిడిచినాడంట. అక్క చంకలో బుజ్జమ్మ ఎప్పటిలాగే మొహం దాచుకుంది. దాచుకుంది గానీ, కాసేపటికి ఒక కన్ను తెరిచి పైకి చూసినాది. ఈ గొంతు ఎప్పుడూ మీద పడేది, ఇవాళ ఏటి ఎక్కడో మబ్బుల్లోంచి ఏడుస్తన్నాది అనుకుందో ఏమో. కిందకి దిగి ఎల్లాజీ చొక్కా సర్దుకున్నాడు. "ఇది పనికిరాదు. పైన గాలెక్కువ, గుంటకి జలుబు చేస్తాది" అన్నాడు. భయపడ్డాను అని మాత్రం అనలేదు చూడండి.

తరవాత ఊగే పడవ. పడవని చూడగానే వాడికి ప్రాణం లేచొచ్చింది. ఇది మన వస్తువే కదా అనుకున్నాడు, తాతల నాటి నుంచీ పడవల్లో పుట్టి పెరిగినోళ్ళం, ఇందులో భయమేటి అనుకున్నాడు. మొదట మెల్లగా ఊగుతుంటే అక్క వైపు చూసి చెయ్యి కూడా ఊపినాడు. ఆ పడవ ఊగీ ఊగీ నిట్టనిలువునా నిలబడ్డాది. ఇంక చూసుకోండి. "గంగమ్మ తల్లీ! కొబ్బరికాయ కొడతానే! మేకపోతుని కోస్తానే! ఒరే, సముద్రంలో అయితే ఈదుకొచ్చీవాడిని, ఇక్కడ ఎటు ఈదాలిరా!" అని ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకటే గోల. పక్కన కూర్చున్న కాలేజీ పిల్లలు పడవ సంగతి మర్చిపోయి వీడినే చూస్తన్నారంట. దిగేసరికి ఒక కాలికి చెప్పు లేదు, జుట్టంతా నిక్కబొడుచుకుంది. "పనికిరాదు. నడిపేవోడికి పడవ సంగతే తెలీదు" అన్నాడు. అప్పయ్యమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుజ్జమ్మ ఈసారి రెండు కళ్ళూ తెరుచుకునే చూస్తన్నాది. పెదాలు కొంచెం కదిలినాయి, అక్క చూసింది గానీ ఏమీ అనలేదు. అంటే ఎక్కడ చెడిపోతాదో అని.

ఇంక దెయ్యాల ఇల్లు. వద్దురా తమ్ముడూ, అది మూడేళ్ళ గుంటకి చూపించేదేనా, బోర్డు మీద పుర్రె బొమ్మ ఉంది కనపడలేదా అని అక్క అంటే, "బొమ్మని చూసి వదిలేస్తామా, లోపలేముందో చూడాలి కదా" అని దూరినాడు. లోపల చీకటి. దెయ్యాలు ఏం అరిచినాయో ఎవరికీ తెలీదు, ఎందుకంటే బయటికి ఎల్లాజీ గొంతు ఒక్కటే వినపడింది. "ఎవర్రా నా కాలు పట్టుకున్నారు! ఒరే, నేను పెళ్ళాం పిల్లలున్నోడినిరా!" పెళ్ళే కాలేదు వాడికి! లోపల దెయ్యం వేషం వేసుకున్న కుర్రాడు వీడి అరుపుకి హడిలిపోయి, వాడే ముందు బయటికి లగెత్తుకొచ్చినాడంట, మొహానికి తెల్లరంగుతో. వాడి వెనకాల ఎల్లాజీ. అదీ వెళ్ళిన దారినే వెనక్కి. సరిగ్గా అప్పుడు, ఓలమ్మ, ఏమైందంటే, చంకలోంచి కిలకిలా నవ్వు. బుజ్జమ్మ. ఒళ్ళంతా ఊగిపోతూ, వాళ్ళమ్మ జుట్టు పట్టుకుని మరీ నవ్వుతున్నాది. నవ్వి, వేలు చాపి, "మావ! మావ అరు! మల్లీ!" అన్నాది, మళ్ళీ అరవమని.

ఎల్లాజీ అక్కడే నిలబడిపోనాడు. మావ అన్నాది. పుట్టిన దగ్గర్నుంచీ వాడి గొంతు వింటే ఏడవడమే తప్ప ఎరగని గుంట, మావ అన్నాది. వాడికి కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఏటన్నాదే అక్కా?" అని అడగబోయినాడు, అడిగితే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. అరిచీ అరిచీ బొంగురుపోయింది. అయినా గుంట మల్లీ అన్నాది కదా! కళ్ళు మూసుకుని మళ్ళీ ఆ పడవే ఎక్కినాడు. నోరు తెరిచినాడు, ఏమీ రాలేదు. బుజ్జమ్మ కాసేపు చూసి, మూతి ముడుచుకుంది. అప్పయ్యమ్మ అప్పుడు గుంటని ఎత్తుకుని, నీ తెలివి చాలు గానీ అని తిన్నగా వెనక్కి తీసుకెల్లి, చిన్నపిల్లల ఆటల్లో చెక్కగుర్రం మీద కూర్చోబెట్టింది. గుర్రం మెత్తగా తిరిగింది, పాట మెత్తగా వినిపించింది, ఏ భయమూ లేదు. గుంట మర్యాదగా కూర్చుని, తిరిగినంతసేపూ పక్కన నడుస్తున్న మావ నోట్లోకే చూసింది. "మావా, అరు" అంటాది. వాడు నోరు తెరుస్తాడు, కీచుమని ఒక పిల్లకూత వస్తాది. ఇంక చేసేదేముంది, సంబరం సగంలో ఆగిపోనాది.

ఎల్లాజీ సోమవారం, మంగళవారం వేలానికి పోలేదు. మిరియాల పాలు తాగి, మాట్లాడకుండా కూర్చున్నాడు. రేవు బోసిపోయిందంట, బేరగాళ్ళు టీ కొట్లోనే ఉండిపోయి చేపలు ఆలీసంగా అమ్ముడుపోయాయంట. బుధవారం పొద్దున్న లేచి చూసుకుంటే గొంతు వచ్చీసింది, ఎప్పటిదే, గోడలదిరే గొంతు. పార్కులో గొంతు దూరం నుంచి వచ్చింది కాబట్టి గుంట నవ్వినాది, గొంతు పోయాకే దగ్గరికొచ్చింది, ఇప్పుడు ఒళ్ళో పెట్టుకుని నోరు విప్పితే మళ్ళీ జడుసుకుంటాది అనుకున్నాడు. అందుకే అక్కింటికి ఎల్లి ఎవరితోనూ మాట్లాడలేదు. పీట మీద పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. కంసాలి వొచ్చినాడు. పెద్దకోడలి తమ్ముడు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎందుకైనా మంచిదని పక్కనే నిలబడ్డాడు. బుజ్జమ్మని తెచ్చి ఎల్లాజీ ఒళ్ళో కూర్చోబెట్టారు. కూర్చుంది. వాడి మొహంలోకి చూసింది. వాడు మాట్లాడడు. పెదాలు పట్టుకుని లాగింది. మాట్లాడడు. గుంటకి మూతి వంకర తిరిగింది, ఇంక ఏడుపు అందుకుంటాది, చీరలకొట్టు మావ ఒక అడుగు ముందుకేసినాడు. "మావా, అరు!" అని గుంట వాడి గుండెల మీద చేత్తో కొట్టింది.

అప్పయ్యమ్మ చూసింది. "ఒరే ఎల్లాజీ! అరువురా! నీ నోరు పడిపోయిందేటి, నా మనవరాలు అడుగుతుంటే! అరువు!" అన్నాది. ఇన్నాళ్ళూ నోరు ముయ్యమన్నోళ్ళే అరవమంటన్నారు. గట్టిగా గాలి పీల్చుకుని, "ఓలమ్మో! ఆగిపోనాదే! దించండే!" అని మొత్తం గొంతుతో కేక వేసినాడు. అటక మీద గిన్నెలు మోగినాయి. బుజ్జమ్మ తల వెనక్కి వాల్చి పకపకా నవ్వుతున్నాది, అదను చూసి కంసాలి ఒక చెవి కుట్టీసినాడు. అప్పుడు ఏడ్చిందనుకోండి, ఏ గుంటయినా ఏడుస్తాది. దేవుడమ్మ కన్నతల్లి కదా, ఆగలేక చేతులు చాపింది, రాయే అమ్మా అని. బుజ్జమ్మ వెళ్ళలేదు. మావ చొక్కా రెండు చేతులా పట్టుకుని, అందులోకే మొహం పెట్టుకుని ఏడ్చింది. రెండో చెవి అలాగే కుట్టించుకుంది. ఎల్లాజీ కూడా ఏడ్చినాడు. ఎవరి ఏడుపు ఎవరిదో తెలీకుండా అయిపోయిందని అప్పయ్యమ్మే నాతో చెప్పింది. చీరలకొట్టు మావకి పప్పుబెల్లాల పళ్ళెం చేతికిచ్చి పంచమన్నారంట, పాపం మర్యాదగానే పంచినాడు.

అదండీ సంగతి. చిన్నగుంటల్ని పార్కుకి తీసుకెల్తే ఏ ఆట మంచిదమ్మా అని నన్నడిగితే నేనేం చెప్తాను? ఒక మేనమామని పైకి ఎక్కించి, గుంటని కింద నిలబెట్టండి, అంతకు మించింది నాకు తెలీదు. ఎల్లాజీ ఇప్పటికీ పట్నం ఎల్తే వీధి మొదట్లోనే నిలబడి "బుజ్జమ్మా!" అని వేలం కేక వేస్తాడంట. గుంట చేతిలో ఏదుంటే అది పడేసి లగెత్తుకొస్తాది. తలుపులేసుకునేది ఇప్పుడు పక్కింటోళ్ళే.