గురువుగారి బేరింగు

పెద్దల పండగ ఒబోన్‌కి ఇంకా నాలుగు రోజులుంది. గున్మా కొండల కింద కార్ల షెడ్డులో, గ్రీజు అంటకుండా నల్లంగీ పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు జెన్ మఠం గురువు. మెకానిక్ అమ్మాయి అరిగిన బేరింగు ముక్కను ఆయన ముక్కు కింద పెట్టింది.

“చూడండి స్వామీ, పైపూత పోయి రాగి తేలింది. క్రాంకు కూడా కొత్తది వేశాను. ఎంత స్పీడుగా తోలారు?”

“నేనా? నాది తాబేలు నడకమ్మా.”

“మీ కారు పోయిన గాలికి కురిహారా మామ్మ ఆరేసిన బట్టలు వీధిలో పడ్డాయట.”

“పండగనాడు నలభై ఇళ్లలో మంత్రాలు చదవాలి తల్లీ! పితృదేవతలు నాకోసం ఆగుతారా?”

“వాళ్లు ఆగుతారో లేదో, ఇంజన్ మాత్రం ఆగిపోతుంది. చల్లటి ఇంజన్ని స్టార్ట్ చేసీ చేయగానే టర్బో ఈల వేసేలా తొక్కితే ఆయిలు బేరింగుకి అందుతుందా?”

“సరే, బాగుచేశావుగా. తాళాలివ్వు.”

“వెయ్యి కిలోమీటర్ల దాకా మెల్లగానే పోవాలి. పొద్దున్నే స్టార్ట్ చేశాక ఐదు నిమిషాలు, ప్రతి ఇంటి ముందూ ఇంజన్ ఆపేముందు ఒక నిమిషం, ఊరికే కూర్చోవాలి.”

“ఊరికేనా? కదలకుండా కూర్చోవడం నావల్ల కాదమ్మా!”

“మరి ఆదివారం ధ్యానంలో మమ్మల్ని నలభై నిమిషాలు కూర్చోబెట్టి, కాస్త కదిలితే భుజం మీద బెత్తంతో కొడతారే?”

గురువుగారు తాళాల కోసం చెయ్యి చాపారు.

“తాళాలిస్తాను. కానీ పక్క సీట్లో కురిహారా మామ్మ కూర్చుంటుంది, ఆ బెత్తం పట్టుకుని. పోయిన ఆదివారం దెబ్బ తిన్నది ఆవిడే.”